మండని పట్టీలు

పోయినవారం యీనింగ్‌ని మనం ఫ్యాక్టరీ కాలనీ స్నానశాలలో, ఆవిరి మధ్య, చేతిలో వీపు రుద్దే పీచుతో వదిలేసి వచ్చాం. ఇంట్లో గీజరు పాడై, ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె అక్కడ అడుగుపెట్టింది. పక్కవాటాలో ఉండే పాంగ్ పిన్ని "కాస్త వీపు రుద్దమ్మా" అంటూ అటు తిరిగింది. తిరగ్గానే యీనింగ్ చెయ్యి ఆగిపోయింది.

ఆ వీపు మీద వెన్నుకి అటూ ఇటూ వరసగా గుండ్రటి జిగురు మచ్చలున్నాయి. వాటిదేమీ లేదు. పాంగ్ పిన్ని ఉబ్బసం మనిషి, ఆసుపత్రి పరిశోధనలో చేరింది, నర్సులు మందు పట్టీలు అంటించే చోట్లు అవే. కాని భుజం రెక్కల లోపలి అంచున మరో జత ఉంది. ఎర్రగా, అంచుల్లో నీటిబొబ్బలతో, నిన్నో మొన్నో వేసినట్టున్నాయి. ఆసుపత్రి లెక్కలో ఆ చోటు లేనే లేదు. జిన్‌జౌ ఊరు మొత్తం మీద ఆ చోట పట్టీ వేసే చెయ్యి ఒక్కటే. అది యీనింగ్ తల్లి టోంగ్ లాంషిన్‌ది.

తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, ప్లాస్టిక్ బేసిన్ చంకన పెట్టుకుని, యీనింగ్ స్నానశాల మెట్లు దిగింది. సబ్బు నురగ చెవి వెనక ఇంకా అలాగే ఉంది. దారిలో చదరంగం ఆడుతున్న ముసలాళ్లలో ఒకాయన "ఏం డాక్టరమ్మా, నీళ్లు అంత కాగాయా? మొహం కందిపోయిందే!" అన్నాడు. ఆమె ఆగకుండా నడిచింది. ఆగితే ఆ కోపమంతా ఆయన మీద పడేది.

రెండేళ్లు. ఈ పరిశోధన కోసం రెండేళ్లు ఆమె ఎవరెవరి కాళ్లు పట్టుకుందో ఆమెకే తెలుసు. ఎండ ముదిరిన రోజుల్లో తెల్ల ఆవాల పొడి, అల్లం రసం కలిపిన ముద్ద వీపుకి అంటిస్తే చలికాలంలో ఆయాసం రాదని ఆ ఊరి నమ్మకం. యీనింగ్ తాత ఆ మందుతోనే పేరు తెచ్చుకున్నాడు. తల్లి ఆ పేరుతోనే ఆసుపత్రిలో ఒక చిన్న గది సంపాదించుకుంది. యీనింగ్ మాత్రం ఊపిరితిత్తుల డాక్టరయ్యాక ఆ మందుని నెత్తిన పెట్టుకోలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. తేల్చుకుందాం అంది.

"మీ అమ్మగారి వంటకం మీద పరిశోధనా?" అని లువాన్ డైరెక్టరు నలుగురిలో నవ్వాడు. "పిండిముద్ద కంటే అది ఒక్క పిసరు మెరుగని రుజువు చెయ్యండి, ఆ గదికి రంగులు నేనే వేయిస్తాను. చెయ్యలేకపోతే తాళం వేయిస్తాను. మీ సంగతీ అప్పుడే చూస్తాను" అన్నాడు. సరేనంది యీనింగ్.

రోగుల్లో సగంమందికి అసలు పట్టీ. మిగతా సగానికి అదే రంగు, అదే వాసన ఉన్న ఉత్తుత్తి పట్టీ, లోపల ఉట్టి పిండి. ఎవరికి ఏది పడిందో రోగికి తెలియదు, అంటించే నర్సుకి తెలియదు, యీనింగ్‌కీ తెలియదు. ఆ గుట్టు సీలువేసిన కవర్లలో డైరెక్టరు బీరువాలో ఉంది. పోయిన ఎండాకాలం అంటించారు, చలికాలమంతా ఎవరికెన్నిసార్లు ఆయాసం వచ్చిందో చూశారు, ఈ ఎండాకాలం మళ్లీ అంటించారు. రాజధాని నుంచి వచ్చిన పెద్దలు అన్నీ ఆలోచించి గీసిన పథకం అది. వాళ్లు ఆలోచించనిది ఒక్కటే. ఈ కాలనీ ఆడవాళ్లు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటారు. అసలు పట్టీ మండుతుంది, కందుతుంది. ఉత్తుత్తిది ఉట్టి జిగురులా అంటుకుని ఊడిపోతుంది. కొలతలూ కవర్లూ ఎందుకు, వేడినీళ్లు పోసుకుంటే చాలు, ఎవరిదేమిటో బయటపడుతుంది.

రాజధాని వాళ్లకి తెలియకపోవడంలో వింత లేదు. ఆ స్నానశాలలోనే పెరిగిన తనకి ఎందుకు తట్టలేదు? ఇంట్లో గీజరు పెట్టుకున్నాక తను ఈ ఆవిరిని మరిచిపోయింది. ఆ కోపం కూడా తల్లి మీది కోపంలోనే కలిసిపోయింది.

లాంషిన్ వంటింట్లో పెనం ముందుంది. ఎండాకాలపు మూడు వేడి విడతల్లో చివరిది మొదలైన రోజు కదా, ఆనవాయితీగా కాలనీలో ఇంటింటా రొట్టెలూ గుడ్డట్లూ. నూనె వాసన మెట్లదాకా వస్తోంది.

"పాంగ్ పిన్ని వీపు చూశాను" అంది యీనింగ్, గుమ్మంలో నిలబడే.

లాంషిన్ రొట్టె తిప్పింది. "అదేమంత చూడాల్సిన వీపు కాదే. తల తుడుచుకో ముందు, నీళ్లు కారుతున్నాయి."

"అమ్మా, వెటకారాలొద్దు. రెక్కల దగ్గర పట్టీ ఎవరు వేశారు?"

"తెలిసే అడుగుతున్నావుగా. మా నాన్న చూపించిన చోటు అది. ఇంకెవడికి తెలుసు?"

యీనింగ్ ఇది ఊహించలేదు. అబద్ధం చెబుతుందనుకుంది. అబద్ధం చెబితే నిలదీద్దామని దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చింది.

"పరిశోధనలో ఉన్నవాళ్లకి విడిగా మందు వెయ్యనని మాటిచ్చావు. డైరెక్టరు ముందు సంతకం పెట్టావు."

"పెట్టాను."

"పెట్టి?"

"పెట్టాను, తర్వాత ఆవిడ వచ్చి కూర్చుంది." లాంషిన్ పెనం కింద మంట తగ్గించింది. "ఇదిగో, ఈ బల్ల మీదే. 'టోంగ్ అక్కా, అందరికీ మండింది, నాకు మండలేదు, నాకు పిండి అంటించారు, వచ్చే చలికి నేను చచ్చిపోతాను' అని ఏడ్చింది. నన్నేం చెయ్యమంటావు? 'అవునమ్మా, చావు, మా అమ్మాయి లెక్క రాసుకుంటోంది' అనమంటావా?"

"చావడమేమిటి! ఆవిడకి పీల్చే మందు నేనే ఇచ్చాను. ప్రతి ఒక్కరికీ ఇచ్చాను. ఎవరినీ గాలికొదిలెయ్యలేదు!"

"నీ గొట్టం సంగతి నాకెందుకు? ఆవిడ అడిగింది నా మందు. ముప్పై ఏళ్లుగా వేస్తున్నదాన్ని, చెయ్యి చాచి అడిగితే లేదంటానా? పైగా నీ నర్సులు వేసే పద్ధతి చూశావా? బక్కదానికీ బండదానికీ ఒకటే ముద్ద, ఒకటే చోటు, ఒకటే సేపు. దర్జీ ఊరంతటికీ ఒకే కొలత చొక్కా కుట్టి, సరిపోలేదు కాబట్టి గుడ్డే మంచిది కాదన్నట్టుంది మీ యవ్వారం."

"ఆ మాట అప్పుడే అనాల్సింది! ముందే అనుంటే మనిషి మనిషికీ మార్చి వేసే పద్ధతిలోనే పరిశోధన గీయించేదాన్ని. దానికీ దారి ఉంది. నేను అడిగాను కూడా. నువ్వేమన్నావు? 'నీ ఇష్టం తల్లీ, నువ్వే చదువుకున్నదానివి' అన్నావు."

లాంషిన్ రొట్టె పెనం మీదనుంచి తీసి పళ్లెంలో పడేసి, గుడ్డట్టు పోసింది.

"ఎందుకన్నావలా? సంతకం ఎందుకు పెట్టావు, నమ్మకం లేనప్పుడు?"

"నువ్వడిగావు కాబట్టి!" తల్లి గొంతు ఒక్కసారిగా లేచింది. "పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మందు గురించి నన్నడిగావు. కాలేజీలో చేరిన దగ్గర్నుంచి నా గది ముందు నుంచి మొహం తిప్పుకుని వెళ్లేదానివి. నీ స్నేహితులొస్తే అల్లం వాసనొస్తోందని కిటికీలు తెరిచేదానివి. అలాంటిదానివి వచ్చి, నా పక్కన కూర్చుని, ఆవాలు ఎంత వేపుతావమ్మా అని అడిగావు. ఏ కాగితం మీద పెట్టమన్నా పెట్టేదాన్ని. చదవలేదు కూడా."

ఇంకో రోజైతే ఆ మాటకి యీనింగ్ కరిగిపోయేది. ఇవాళ అది కూడా మంటలో నూనెలా పడింది. చదవలేదు! తను రాత్రుళ్లు కూర్చుని పదం పదం సరిచూసి రాసిన కాగితాన్ని, కూతురు పెట్టమంది కదా అని, పసిపిల్ల గీసిన బొమ్మని మెచ్చుకున్నట్టు మెచ్చుకుని సంతకం పెట్టిందన్నమాట.

"నాకు గారాబాలెందుకమ్మా? నాకు నిజం కావాలి. నీ మందు సంగతి నిజంగా తేలాలి."

"నాకెప్పుడో తేలింది."

"నీకు తేలితే చాలదు!"

సరిగ్గా అప్పుడే పాంగ్ పిన్ని తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో యీనింగ్ సబ్బుపెట్టె ఉంది. "అంత పరుగేంటి తల్లీ, సగం వీపు రుద్ది సగం వదిలేశావు. ఇప్పుడు నేను ఒకవైపు తెల్లగా, ఒకవైపు నల్లగా..." ఇద్దరి మొహాలూ చూసి ఆగింది. "అబ్బో. నేను మళ్లీ వస్తాలే."

"కూర్చో పిన్నీ" అంది యీనింగ్. కూర్చోమన్నట్టు లేదు అది. పాంగ్ పిన్ని కూర్చుంది.

"ఈ ఒక్క ఎండాకాలమేగా, అమ్మ దగ్గర వేయించుకున్నది?"

యీనింగ్ ఆశంతా ఆ ప్రశ్నలో ఉంది. ఈ ఏడాదే అయితే పోయిన చలికాలం లెక్కలు మిగులుతాయి. చెడిందాన్ని తీసిపారేసి, ముందు సగాన్నయినా కాపాడుకోవచ్చు. మెట్లెక్కుతూ ఆమె ఆ మాటే మంత్రంలా అనుకుంటూ వచ్చింది.

లాంషిన్ కళ్లతో ఏదో చెప్పబోయింది గాని పాంగ్ పిన్ని అటు చూడలేదు. "ఈ ఒక్కటేంటమ్మా, పోయినేడు కూడా వేసింది! మొదటిరోజే నాకు అనుమానమొచ్చింది, చీమ కుట్టినట్టయినా లేదు. మా వరసలో వీపు మండనివాళ్లం అందరం మీ అమ్మ దగ్గరికే వచ్చాం. మీ అమ్మ దేవత. పుచ్చకాయ తినొద్దు, చన్నీళ్లు తాగొద్దు అని ఇంటికొచ్చి మరీ కాపలా కాసింది. పోయిన చలికి ఎంత హాయిగా ఉన్నాననుకున్నావ్! మీ లెక్కల్లో రాశారుగా?"

"రాశాం పిన్నీ" అంది యీనింగ్. "చాలా హాయిగా ఉన్నావని రాశాం."

ఆమె గొంతు అంత మెత్తగా వినబడేసరికి పాంగ్ పిన్నికి భయమేసింది. "నేనేమైనా తప్పు చేశానా?" అని లాంషిన్ వైపు చూసింది.

యీనింగ్ బల్ల మీదున్న రొట్టెల్లో రెండు తీసి ఇద్దరి ముందూ చెరొకటి పెట్టింది.

"పిన్నీ, ఇది అసలు పట్టీ వేసినవాళ్లు. ఇది పిండి వేసినవాళ్లు. చలికాలంలో ఇటువాళ్లకి ఆయాసం తగ్గి, అటువాళ్లకి తగ్గకపోతే అమ్మ మందు గెలిచినట్టు. అవునా?"

"అవును."

"పిండి వేసినవాళ్లంతా చాటుగా వచ్చి అమ్మ దగ్గర మందు వేయించుకున్నారు. ఇప్పుడు ఇటూ మందే, అటూ మందే. ఇద్దరికీ ఒకేలా తగ్గింది. కవర్లు విప్పితే ఏం కనబడుతుంది? అసలు పట్టీకి ఎంత తగ్గిందో పిండికీ అంతే తగ్గిందని కనబడుతుంది. అంటే టోంగ్ లాంషిన్ మందూ పిడికెడు పిండీ ఒకటేనని." ఆమె తల్లి వైపు తిరిగింది. "లువాన్ డైరెక్టరు నిన్ను ఓడించడానికి ఎంతమందిని పెట్టుకున్నా ఇంత బాగా చెయ్యలేకపోయేవాడమ్మా. నీ మందు పనికిరాదని నువ్వే నీ చేత్తో రుజువు చేశావు. జాలిపడి, జాలిపడి, మందు వేసి వేసి రుజువు చేశావు."

పెనం మీద వదిలేసిన గుడ్డట్టు మాడింది. ఎవరూ లేచి మంట ఆపలేదు. పాంగ్ పిన్నే నెమ్మదిగా లేచి ఆపింది, సబ్బుపెట్టె బల్ల మీద పెట్టింది, "నాకేం తెలుసు తల్లీ..." అని గొణుక్కుంటూ తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

లాంషిన్ తన ముందున్న రొట్టె వంకే చూస్తోంది. ఆమె చేతివేళ్లు ఏళ్ల తరబడి అల్లం రసంలో నాని పసుపెక్కాయి. ఆ వేళ్లతో రొట్టెని తుంచింది, తినలేదు.

"అయితే చెప్పేద్దాం" అంది చివరికి. "నేనే వేశానని చెబుతాను. అందరికీ తగ్గింది నా మందు వల్లేనని చెబుతాను."

"ఎవరు నమ్ముతారు? మందు పనిచేసిందో, నువ్వు ఇంటికెళ్లి వీపు నిమిరావన్న సంతోషం పనిచేసిందో, పోయినేడు చలి తక్కువుండి తగ్గిందో, ఎవరు చెప్పగలరు? నేనే చెప్పలేను. నాకే తెలియదు ఇప్పుడు." యీనింగ్ బల్ల మీది సబ్బుపెట్టెని పక్కకి నెట్టింది. "ఇక ఎప్పటికీ తెలియదు. రెండోసారి ఎవరిస్తారు మనకి అవకాశం? కూతురు డాక్టరు, తల్లి వైద్యురాలు, ఇద్దరూ కూడబలుక్కుని మోసం చేశారంటారు. నాటు మందుల వాళ్లంతా ఇంతేనంటారు. నీ ఒక్కదాన్నే కాదు, అందరినీ అంటారు. నిజాయితీగా పరీక్షకి నిలబడ్డ ప్రతి మందునీ అంటారు."

"నీ ఉద్యోగం?"

"ఉద్యోగం!" యీనింగ్ నవ్వింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా?"

లాంషిన్ తలెత్తింది. కళ్లలో నీళ్లు లేవు. మొండితనం ఉంది, యీనింగ్ చిన్నప్పట్నుంచీ చూస్తున్న మొండితనం. "అరవకు. నేను ఆసుపత్రి కోసం చెయ్యలేదు, నా పేరు కోసం చెయ్యలేదు. రోగి వచ్చి బల్ల మీద కూర్చుంటే మందు పెట్టాను. వందమంది డైరెక్టర్లొచ్చినా అదే చేస్తాను. ఉబ్బసంతో ఉన్న మనిషి వీపుకి తెలిసి తెలిసి పిండి రాసే చదువు నాకు రాదు. నీకెలా వచ్చిందో కూడా నాకు అర్థం కాదు."

ఆ మాట యీనింగ్ చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎందుకంటే ఆ మాట ఆమె కూడా అనుకుంది. పట్టీలు నర్సులకి అప్పగించిన రోజున, వీటిలో సగం పిండి కదా అని ఒక్క క్షణం చెయ్యి వెనక్కి వచ్చింది. తర్వాత సర్దిచెప్పుకుంది. ఇవాళ పిండి రాస్తేనే రేపు ఎవరికీ పిండి రాయనక్కర్లేదని.

ఆ సంగతి తల్లికి చెప్పాలనిపించింది. కాని నోట్లోంచి వచ్చింది వేరే. "మందు పనిచేస్తుందో లేదో తెలియకుండా వందమందికి రాసే చదువు నాకు రాలేదులే."

హాల్లో ఫోను మోగింది.

లాంషిన్ దగ్గరగా ఉంది. వెళ్లి ఎత్తింది. "ఆఁ... లువాన్ డైరెక్టరుగారా! తిన్నారా? మా ఇంట్లో రొట్టెలే... ఉంది, ఉంది." ఆమె గొంతు ఆసుపత్రి గొంతయిపోయింది, మర్యాదగా, కాస్త వంగినట్టు. యీనింగ్ వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

అటునుంచి డైరెక్టరు గొంతు బయటికే వినబడుతోంది. రాజధాని వాళ్లు రేపు పొద్దున్నే వస్తున్నారట, పోయిన చలికాలం లెక్కలు తేల్చడానికి కవర్లు విప్పుతారట. దానికి ముందు, రూలు కోసం, రెండేళ్లలో నియమం తప్పింది ఏదీ లేదని ఇద్దరినీ అడిగి రాసుకోవాలట. "మీరు చెప్పండమ్మా ముందు. పట్టీల విషయంలో ఏమైనా తేడా జరిగిందా?"

లాంషిన్ కూతురి వంక చూసింది.

"ఏమీ జరగలేదండీ" అంది. "అంతా మీరు రాసిచ్చినట్టే జరిగింది. విప్పుకోండి."

యీనింగ్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. తల్లి చెప్పింది చిన్న అబద్ధం కాదు. రేపు కవర్లు విప్పుతారు, మందూ పిండీ ఒకటేనని తేలుతుంది, గదికి తాళం పడుతుంది, తాత పేరు మట్టిలో కలుస్తుంది. కాని మోసమన్న మాట రాదు. కూతురి కుర్చీ కదలదు. అదీ బేరం. కూతురిని అడగనైనా అడగకుండా, పక్కవాటా వాళ్లకి రొట్టె ఇచ్చినంత తేలిగ్గా కుదిర్చేసింది.

"నీతో కూడా ఒక మాట కావాలట" అంటూ లాంషిన్ ఫోను మీద అరచెయ్యి మూసింది. "లేదని చెప్పు. ఒక్క మాట. నా మందుని పిండంటే అననీ, మా నాన్న లేచొచ్చి అడగడు. పాంగ్ లాంటివాళ్లు రేపు కూడా నా బల్ల మీదికే వస్తారు. నీకు మాత్రం ఆ ఆసుపత్రి తప్ప ఇంకేం ఉందే?"

"నన్ను కాపాడమని నిన్నెవరడిగారు?" అంది యీనింగ్, పళ్ల బిగువున. "వాళ్లకి జాలి, నాకు జాలి. నీ జాలికి అంతు లేదా? రేపు ఈ అబద్ధం అచ్చవుతుంది. ఎక్కడో ఎవరో డాక్టరు చదివి, ఈ మందు ఉట్టిదని నమ్ముతాడు. నిజంగా పనిచేసేదే అయితే? అప్పుడు పిండి రాసింది ఎవరమ్మా? నేనా, నువ్వా?"

యీనింగ్ తల్లి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"డాక్టర్ యీనింగ్? లైన్లో ఉన్నారా?" డైరెక్టరు గొంతులో తొందర. "అమ్మగారు ఏమీ లేదన్నారు. మీరు కూడా అదే అంటే రాసేసుకుంటాను. నియమం తప్పింది ఏదైనా ఉందా?"

"ఉంది డైరెక్టరుగా..."

లాంషిన్ పసుపు వేళ్లు వచ్చి ఫోను పెట్టె మీది మీటని నొక్కాయి. చెవిలో కీచుమని ఒక చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. లాంషిన్ రిసీవరు లాక్కుని పెట్టె మీద పెట్టేసింది.

తల్లీ కూతుళ్లిద్దరూ ఫోను బల్లకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. 'ఉంది' అన్న మాట అటు చేరిందో లేదో ఇద్దరికీ తెలియదు. ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది. యీనింగ్ చెయ్యి చాచింది. లాంషిన్ రెండు చేతులతో ఫోనుని గుండెకి హత్తుకుంది.

"ఇప్పుడు ఎత్తితే," అంది లాంషిన్, "నాకు కూతురు లేదనుకుంటాను."